1/48 హరికేన్ మీద వెండి చుక్కలు ఎందుకు అతకలేదంటే

మీరు అడిగింది ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. 1/48 స్కేల్‌లో, అంటే అసలులో 48వ వంతు సైజులో, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం హాకర్ హరికేన్ మార్క్ 2సి ప్లాస్టిక్ కిట్ కట్టారు. 1944లో ఇంఫాల్‌లో ఉన్న భారత వైమానిక దళం ఒకటో స్క్వాడ్రన్ విమానంలా చూపించాలని మీ కోరిక. రంగులు వేసి, డీకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) అంటించారు. తర్వాత రంగు ఊడి కింది లోహం బయటపడినట్టు స్పాంజి ముక్కతో ఒళ్ళంతా వెండి రంగు చుక్కలు అద్దారు, ప్యానెల్ గీతల్లో (రేకులు కలిసే చోటి గీతల్లో) నల్ల వాష్, అంటే పలచని రంగు, నింపారు, పొగ గొట్టాల వెనుక నల్ల చారలు కొట్టారు. చివరికి చూసుకుంటే యుద్ధం చేసి వచ్చిన విమానంలా లేదని, పాత ఇనుప సామాను కొట్లో పడేసినదానిలా ఉందని మీరే రాశారు. తప్పెక్కడ జరిగింది, మళ్ళీ కొత్త కిట్ కొనాలా అన్నది ప్రశ్న.

కొనక్కర్లేదు. మీరు పంపిన నాలుగు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. అతుకులు బాగా కుదిరాయి, రంగుల హద్దులు శుభ్రంగా ఉన్నాయి. చెడింది చివరి రెండు రోజుల పని మాత్రమే. మీ చేతిలో లోపం లేదు. విమానం దేనితో తయారైందో చూసుకోకుండా మరకలు వేశారు, అంతే.

హరికేన్ పుట్టుకే రెండు కాలాల మధ్య జరిగింది. రెక్కలకు, ఇంజిన్ చుట్టూ, కాక్‌పిట్ పక్కల లోహపు రేకు ఉంటుంది. కాక్‌పిట్ వెనుక వీపు మీది చిన్న భాగం ప్లైవుడ్. అక్కడి నుంచి తోక దాకా లోపల ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద చెక్క పట్టీలు, వాటిపై లాగి కట్టిన లినెన్ బట్ట. నిలువు తోక, అడ్డ తోక, చుక్కాని, రెక్కల చివర కదిలే ఎయిలరాన్లు, వీటన్నిటిపైనా బట్టే. బట్ట బిగుసుకోవడానికి డోప్ అనే వార్నిష్ లాంటి ద్రవం పూసి, దాని మీద రంగు వేసేవారు. ఇప్పుడు మీ మోడల్ తోక వైపు ఒకసారి చూడండి. పొడుగునా పక్కటెముకల్లా కనిపిస్తున్న గట్లు బట్ట కింది చెక్క పట్టీలు. వాటి మీద మీరు వెండి చుక్కలు అద్దారు. బట్ట మీద రంగు ఊడినా కింద అల్యూమినియం రేకు ఉండదు కదా!

ప్రొపెల్లర్ సంగతి కూడా ఇంతే. మీరు మూడు బ్లేడ్ల అంచులకూ వెండి గీత గీశారు. ఈ మార్క్ హరికేన్లకు ఎక్కువగా కనిపించే రోటోల్ ప్రొపెల్లర్ బ్లేడ్లు పొరలు పొరలుగా అదిమిన చెక్కవి. అరిగితే గీతలు పడతాయి, అంచు మాసిపోతుంది, అంతే తప్ప మెరవదు. నేను కట్టిన మొదటి మూడు హరికేన్లకూ ఇదే తప్పు చేశాను. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఉన్న హరికేన్ పక్కన నిలబడి, ముక్కు నుంచి తోక దాకా రెండుసార్లు నడిచాక గానీ నాకు తెలియలేదు. ముందు భాగంలో రివెట్లు, బిగింపు మరలు, రేకుల అతుకులు. కాక్‌పిట్ దాటగానే రివెట్లన్నీ మాయమై, మంచం నవారులా బిగిసిన బట్ట. ఆ మ్యూజియం విమానం రంగుల్ని మాత్రం కాపీ కొట్టకండి. మ్యూజియం విమానాలకు ఎన్నోసార్లు మళ్ళీ రంగులు వేస్తారు. ఆకారం, పదార్థం అక్కడ చూడండి. రంగులు, మరకలు యుద్ధకాలపు ఫోటోల్లో చూడండి.

స్కేల్ లెక్క ఇంకొకటి. మీ స్పాంజి చుక్కలు ఒక్కొక్కటి సుమారు మిల్లీమీటరు ఉన్నాయి. 1/48లో మిల్లీమీటరంటే అసలు విమానం మీద 4.8 సెంటీమీటర్లు, దాదాపు అగ్గిపెట్టె పొడవు. రెక్క మీద మీరు రెండు వందల అగ్గిపెట్టెలంత రంగు ఊడదీశారు. అలాంటి విమానాన్ని ఏ ఫిట్టరూ (విమాన మెకానిక్) ఎగరనివ్వడు. ప్యానెల్ గీతదీ అదే లెక్క. 0.2 మిల్లీమీటర్ల గీతలో చిక్కటి నలుపు నింపితే, రేకుల మధ్య సెంటీమీటరు వెడల్పు సందు ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది. నల్ల వాష్ వేసిన మోడళ్ళు బొమ్మ గీసి రంగు నింపినట్టు ఉండడానికి కారణం ఇదే.

ఇక ఈ విమానం ఎక్కడ ఉందో, ఏం చేసిందో చూద్దాం. ఒకటో స్క్వాడ్రన్ 1944 ఫిబ్రవరిలో ఇంఫాల్ చేరింది. అప్పుడు దాని నాయకుడు స్క్వాడ్రన్ లీడర్ అర్జన్ సింగ్. తర్వాతి కాలంలో వైమానిక దళ మార్షల్ అయినది ఆయనే. మార్చి చివర జపాన్ సేనలు ఇంఫాల్‌ను కోహిమాతో కలిపే దారిని తెంపేశాయి. జూన్ 22న ఆ దారి మళ్ళీ తెరుచుకునే వరకు లోయలోకి తిండి, మందుగుండు, పెట్రోలు అన్నీ విమానాల్లోనే వచ్చాయి. ఆ జూన్‌లోనే అర్జన్ సింగ్‌కు డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) పతకం దక్కింది. స్క్వాడ్రన్ ముఖ్యమైన పని కొండల మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి శత్రువు కదలికల్ని కనిపెట్టడం. అలాంటి నిఘా పనికి వెళ్ళే హరికేన్లలో బరువు తగ్గించడానికి రెక్కల్లోని నాలుగు ఫిరంగుల్లో (పెద్ద తుపాకుల్లో) కొన్ని తీసేయడం ఉండేది. మీరు ఎంచుకున్న విమానం ఫోటోలో రెక్కకు ఎన్ని ఫిరంగులున్నాయో లెక్కపెట్టాకే కిట్లోని నాలుగూ అంటించండి. ముక్కు కింద గడ్డంలా ఉబ్బిన ధూళి వడపోత కూడా ఉందో లేదో చూడండి. మన వైపు పనిచేసిన హరికేన్లకు సాధారణంగా అది ఉండేది.

ఇదంతా చరిత్ర పాఠం కోసం చెప్పడం లేదు. మీ మోడల్ ఏ నెలది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం వెదరింగ్ (ఎండావానలకు, వాడకానికి మాసినట్టు చూపే పని) తేలిపోతుంది. మార్చి అయితే పొడి నేల, సన్నని ధూళి, ఎండకు వెలిసిన రంగు. జులై అయితే వాన, బురద, వర్షానికి కిందికి కారిన మసి. రెండూ కలిపి వేస్తే ఏ కాలానిదీ కాదు. మీ బేస్ మీద పచ్చగడ్డి పెట్టారు కాబట్టి జులై అనుకుని చెబుతాను.

ముందు మరమ్మతు. తోక వైపు, చుక్కాని మీద, ఎయిలరాన్ల మీద ఉన్న వెండి చుక్కలన్నిటినీ సన్నని కుంచెతో మూసేయండి. మీరు వాడిన డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్ రంగుల్లో కొంచెం లేత మట్టి రంగు కలిపి వాడండి. అచ్చం అదే రంగు కలవకపోయినా బాధ లేదు. బట్ట చిరిగితే ముక్క అతికి, డోప్ పూసి, కొత్త రంగు వేసేవారు. రెండు మూడు చోట్ల చుక్కల గుంపును చిన్న చతురస్రంగా కప్పేసి, చుట్టుపక్కల కంటే ఒక పిసరు ముదురుగా ఉంచండి. మీ పొరపాటు అతుకుగా మారిపోతుంది. ఇలా పనికొచ్చిన పొరపాట్లు నా అల్మారాలో చాలా ఉన్నాయి.

రెక్క మీది వెండి పూర్తిగా తీసేయకండి, ఎక్కడ నిజంగా అరుగుతుందో అక్కడ ఉంచండి. హరికేన్‌లోకి పైలట్ ఎడమ వైపు నుంచే ఎక్కుతాడు. రెక్క వెనుక అంచు దగ్గర కిందికి లాగే మెట్టు ఒకటి ఉంటుంది. అది లాగితే పైన చేతిపట్టు తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి అరుగుదల ఎడమ రెక్క మొదట్లో, వెనుక అంచు నుంచి కాక్‌పిట్ వైపు దారిలా ఉండాలి. కుడి వైపు అంత ఉండదు. ఫిట్టర్లు రెండు వైపులా తిరుగుతారు గానీ వాళ్ళు ఎక్కువగా తిరిగేది ఫిరంగుల మూతల చుట్టూ, రెక్కల మొదళ్ళలోని పెట్రోలు మూతల చుట్టూ. మీ మోడల్‌లో రెండు వైపులా అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా అరిగింది. కంటికి కృత్రిమంగా తోచడానికి అదే పెద్ద కారణం. అరుగుదలకు కూడా నేరుగా వెండి వద్దు. ముందు అదే రంగు లేత ఛాయ, దాని లోపల అక్కడక్కడ సూది మొనతో పెట్టినంత అల్యూమినియం. మెరిసే క్రోమ్ వెండి కాకుండా మసకబారినది వాడండి. ఇంజిన్ మూతల మరల చుట్టూ, రెక్క ముందంచు మీద ఏడెనిమిది చుక్కలు చాలు.

రంగు వెలవడం మీరు వదిలేశారు. నా దృష్టిలో చిప్పింగ్ (రంగు పెచ్చులూడినట్టు చూపడం) కంటే ఇదే ముఖ్యం. ఎండలో నెలల తరబడి ఆరుబయట నిలిచిన విమానం పైభాగం ఒకే రంగులో ఉండదు. మామూలుగా అందరూ చేసే తప్పు, ఆకుపచ్చలో తెలుపు కలపడం. పుదీనా పచ్చడిలో పెరుగు కలిపినట్టు అవుతుంది. ఆకుపచ్చలో లేత గోధుమ లేదా పసుపు కలిసిన మట్టి రంగు కలపండి, డార్క్ ఎర్త్‌లో ఇసుక రంగు కలపండి. బాగా పలచన చేసి, పాల నీళ్ళలా చేసి, ఎయిర్‌బ్రష్‌తో ప్యానెళ్ళ మధ్య భాగాల్లో మబ్బుల్లా వేయండి. బట్ట ఉన్న చోట, గట్ల మధ్య కాకుండా గట్ల మీద కొంచెం లేతగా. లోహం ఒకలా, బట్ట ఇంకోలా వెలిసినట్టు కనిపిస్తే, దగ్గరికి రాకుండానే చూసేవాళ్ళకు తేడా తెలిసిపోతుంది.

గుర్తుల దగ్గర ఒక అవకాశం ఉంది, వదులుకోకండి. జపాన్ విమానాల మీది ఎర్ర సూర్యుడితో తికమక రాకుండా మన వైపు విమానాల గుండ్రటి గుర్తుల్లోంచి ఎరుపు తీసేశారు. ముదురు నీలం, మధ్యలో లేత నీలం మాత్రం మిగిల్చారు. పాత పెద్ద గుర్తును కప్పి కొత్త చిన్న గుర్తు వేసిన చోట చుట్టూ కొత్త రంగు పట్టీ మిగిలేది. డీకాల్ చుట్టూ అర సెంటీమీటరు మేర వెలవని ముదురు ఆకుపచ్చ వలయం వేస్తే, ఆ విమానం అంతకుముందు ఇంకో చోట పనిచేసి వచ్చిందన్న సంగతి తెలుస్తుంది.

మీ డీకాల్స్ కింద తెల్లగా మెరుస్తున్నది గాలి. మాట్ (మెరుపు లేని) రంగు గరుకుగా ఉంటుంది, ఆ గరుకులో గాలి చిక్కుకుంది. సన్నని సూదితో నాలుగైదు చోట్ల పొడిచి, మైక్రో సోల్ లాంటి డీకాల్ మెత్తబరిచే ద్రవం కుంచెతో పెట్టి వదిలేయండి. ముడతలు పడుతుంది, భయపడి వేలు పెట్టకండి, ఆరితే సర్దుకుంటుంది. ఈ ద్రవానికి బదులు గోళ్ళ రంగు తుడిచే ద్రవం వాడవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. చాలా వాటిలో అసిటోన్ ఉంటుంది, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ఆ సలహా ఒకసారి నేనూ విన్నాను. ఆ మోడల్ రెక్క ఇప్పుడు కాల్చిన అప్పడంలా ఉంది. తర్వాతి మోడల్‌కు డీకాల్స్ ముందు మెరిసే వార్నిష్ ఒక పొర వేయండి, ఈ బాధే ఉండదు.

వాష్ మార్చండి. నలుపు పూర్తిగా మానేయండి. కళాకారుల ఆయిల్ రంగుల్లోని ముదురు గోధుమ రంగు, మన ఊళ్ళలో స్టేషనరీ దుకాణంలో దొరికే ట్యూబే, వాసన లేని టర్పెంటైన్‌లో టీ డికాక్షన్ అంత పలచగా కలపండి. పైభాగానికి అది, అడుగు భాగానికి అందులోనే కొంచెం బూడిద రంగు. ముందు మోడల్ మొత్తం మెరిసే వార్నిష్ వేసి ఒక రోజు ఆరనివ్వండి. గీత మొదట్లో కుంచె మొన ఆనిస్తే రంగు దానంతట అదే పాకుతుంది. పావుగంట ఆగి, ముందు నుంచి వెనుకకు, గాలి వీచే దిశలో, కొంచెం తడిపిన దూది పుల్లతో తుడవండి. ఇది ఎక్రిలిక్ రంగుల మీద క్షేమం. మీరు ఎనామెల్ రంగులు వేసి ఉంటే, వార్నిష్ పొర గట్టిగా లేకపోతే కింది రంగు కూడా లేచిపోతుంది, ముందు రెక్క కింద ఒక మూల పరీక్షించండి. బట్ట ఉన్న చోట వాష్ వేయకండి. అక్కడ గీతలే లేవు, గట్లు ఉన్నాయి.

పొగ మరక గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఫోటో చూడగానే అందరి కళ్ళూ అక్కడికే పోతాయి. మెర్లిన్ ఇంజిన్‌లో పన్నెండు సిలిండర్లు, వైపుకు ఆరు. పొగ గొట్టాల నుంచి వచ్చే మరక రెక్క మొదలు పైగా, కాక్‌పిట్ అంచు కిందుగా వెనక్కి పోతుంది. మీది చిక్కటి నలుపు, అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. అసలు మరకలో రెండు రంగులుంటాయి. ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ అయినప్పుడు మసి నల్లగా పడుతుంది. అప్పటి పెట్రోలులో సీసం కలిసి ఉండేది కాబట్టి, ఇంజిన్ తక్కువ ఇంధనంతో చాలాసేపు నిలకడగా నడిస్తే బూడిద, లేత గోధుమ కలిసిన పొర పడుతుంది. నేను ఇలా వేస్తాను. నలుపు, ఎర్ర గోధుమ సమంగా కలిపి, ఒక వంతు రంగుకు తొమ్మిది వంతుల థిన్నర్. ఎయిర్‌బ్రష్ ఒత్తిడి 12 పీఎస్‌ఐ లోపే. మొదటిసారి కొట్టినప్పుడు ఏమీ పడనట్టే ఉంటుంది. ఐదారుసార్లు కొట్టాక నీడలా కనిపిస్తుంది, అక్కడే ఆగండి. ఆరాక, ఆ నీడ మధ్యలో, గొట్టాలకు దగ్గరగా, లేత బూడిద-గోధుమ రంగు ఇంకా పలచగా, సన్నగా ఒక గీత. ఎయిర్‌బ్రష్ లేకపోతే పిల్లలు బొమ్మలకు వాడే పాస్టెల్ సుద్దను గరుకు కాగితం మీద గీకి, ఆ పొడిని మెత్తని కుంచెతో అద్దండి. మొదటిసారి నేను పాస్టెల్‌తోనే చేశాను, ఇప్పటికీ చిన్న స్కేల్‌లో అదే నచ్చుతుంది. మీది జులై విమానం కాబట్టి, చివరలో నీళ్ళలో తడిపి పిండేసిన కుంచెతో ఆ పొడిని రెండు మూడు చోట్ల పైనుంచి కిందికి కొంచెం లాగండి. వాన కారినట్టు ఉంటుంది.

నూనె గురించి ఒక మాట. హరికేన్ ముక్కు మీద, స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలోని మొనదేలిన మూత) వెనుక, ఒక సన్నని వలయం కనిపిస్తుంది. ప్రొపెల్లర్ దగ్గర కారే నూనె ఎగిరి ముందు అద్దం మీద పడకుండా పట్టడానికి పెట్టారు దాన్ని. అంటే నూనె కారేది. ఆ వలయం వెనుక సన్నని గోధుమ చారలు రెండు, ఇంజిన్ కింది మూత మీద నాలుగైదు, అంతే. నూనె మరక తడిగా మెరవాలి. అందుకని మాట్ వార్నిష్ వేశాకే అది వేయండి.

బురద విషయంలో మన వాళ్ళు దాదాపు అందరూ చెల్క నేలల ఎర్రమట్టి రంగు వాడతారు, అలవాటు కొద్దీ. ఇంఫాల్ లోయ అడుగు ఒండ్రు నేల. నేను బూడిద కలిసిన గోధుమ రంగు వాడతాను. చక్రాలు లోపలికి మడుచుకునేవి కాబట్టి బురద రెక్క కింద చక్రాల గూడులో, దాని వెనుక ఉన్న రేడియేటర్ ముఖం మీద, ఫ్లాపుల (రెక్క వెనుక అంచున కిందికి దిగే పలకల) లోపలి సగంలో చిమ్ముతుంది. రెక్క చివరల దాకా పోదు. తోక చక్రం లోపలికి పోదు, దాని చుట్టూ, ముందు కూడా బురద పడుతుంది. పాత టూత్ బ్రష్ కుచ్చును బురద రంగులో ముంచి, కాగితం మీద సగం వదిలించి, వేలితో వెనక్కి లాగి వదిలితే చుక్కలు చిమ్ముతాయి. ముందు పాత కాగితం మీద సాధన చేయండి. టైర్ల అడుగు కొంచెం గీకి చదును చేస్తే బరువు ఆనినట్టు ఉంటుంది.

మీరు విజయవాడలో ఉంటానన్నారు కాబట్టి వాతావరణం మాట కూడా. మే నెల మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్‌తో ఎక్రిలిక్ కొడితే చుక్క మోడల్‌ను తాకేలోపే ఆరిపోయి ఇసుక చల్లినట్టు అవుతుంది. ఉదయం ఆరింటికి కొట్టండి, లేదా ఆరడం నిదానించే రిటార్డర్ కొన్ని చుక్కలు కలపండి. మా విశాఖలో బాధ వేరు. వానాకాలంలో లాకర్ వార్నిష్ కొడితే గాలిలో తేమకు పాలపొరలా తెల్లబడుతుంది. ఒకసారి నాలుగు నెలల పని ఒక్క పొరతో తెల్లబడింది. గంటసేపు తల పట్టుకుని కూర్చుని, ఎండ కాసిన రోజు పలచని థిన్నర్ పొర కొడితే చాలావరకు పోయింది. అప్పటి నుంచి వాన పడుతుంటే వార్నిష్ జోలికి పోను.

ఇంకొక్కటి, మీ కాక్‌పిట్ గురించి. అడుగున నేల ఉన్నట్టు ఆకుపచ్చ రంగు వేశారు. హరికేన్ కాక్‌పిట్‌కు నేల ఉండదు. పాదాలు జారే రెండు పళ్ళాలు మాత్రమే ఉంటాయి, వాటి కింద చీకటి, వెండి పూత వేసిన గొట్టాల చట్రం. పైలట్ చేతిలోంచి పెన్సిల్ జారితే పొట్టలోకి పోయినట్టే. ఇప్పుడు విప్పలేరు కాబట్టి పలచని నల్ల గోధుమ వాష్ ఒకటి లోపలికి వదిలితే లోతు వస్తుంది.

మాట్ వార్నిష్ ఆరాకే అద్దాల మీది టేప్ తీయండి. మీ ఫోటోలో అద్దం మీద కూడా ధూళి, చుక్కలు చల్లి ఉన్నాయి, అవన్నీ తుడిచేయండి. ఒళ్ళంతా ఎంత మాసిన విమానానికైనా అద్దం మాత్రం ఎగిరే ముందు శుభ్రంగా తుడిచేవారు. ఆకాశంలో దూరంగా వచ్చే శత్రు విమానం కూడా మొదట అద్దం మీది నలుసులానే కనిపిస్తుంది మరి.